పాఠకుల ప్రశ్నలకు జవాబులు: బ్రిటన్‌లో టోరీల దారి ఎటు?

కిందటి నెల ఈ శీర్షికలో బ్రిటన్ లేబర్ ప్రభుత్వం గురించి రాస్తూ, ప్రతిపక్షంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ (వాడుకలో టోరీలు) సంగతిని ఒకే ఒక్క వాక్యంతో సరిపెట్టాను. "రెండు శతాబ్దాలుగా పాలించడానికి అలవాటుపడిన పార్టీ ఇప్పుడు బతకడం నేర్చుకుంటోంది" అన్న ఆ వాక్యం కొందరికి నచ్చలేదు, కొందరికి సరిపోలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి, మిగిలిన ప్రశ్నలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: 2019లో 365 స్థానాలు గెలిచిన పార్టీ 2024లో 121 స్థానాలకు పడిపోయింది. నైజెల్ ఫరాజ్ పార్టీ ఓట్లు చీల్చకపోతే కన్జర్వేటివ్‌లు నిలబడేవారే కదా? — విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: లెక్క చూస్తే మీకలా అనిపించడంలో తప్పు లేదు. 2024 జులై 4న జరిగిన ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకు 23.7 శాతం, వలసలను గట్టిగా వ్యతిరేకించే ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీకి 14.3 శాతం ఓట్లు వచ్చాయి. రెండూ కలిపితే 38 శాతం. 411 స్థానాలు గెలిచిన లేబర్ పార్టీకి వచ్చింది 33.7 శాతమే. అయితే ఓట్లు కూడికలకు అంత తేలిగ్గా లొంగవు. రిఫార్మ్ బరిలో లేకపోతే ఆ ఓటర్లందరూ బుద్ధిగా పాత గూటికే చేరేవారని అనుకోవడానికి ఆధారం లేదు. అప్పటి ప్రభుత్వం మీద ఉన్న కోపానికి వారిలో చాలామంది ఇల్లు కదిలేవారే కాదేమో.

పైగా దెబ్బ ఒక్క వైపు నుంచే తగల్లేదు. మాజీ ప్రధానుల్లో డేవిడ్ కామెరాన్ ప్రాతినిధ్యం వహించిన విట్నీ, థెరెసా మే 27 ఏళ్లు నిలబెట్టుకున్న మెయిడెన్‌హెడ్, బోరిస్ జాన్సన్ మొదటిసారి పార్లమెంటుకు గెలిచి వచ్చిన హెన్లీ ప్రాంతం, ఇవన్నీ లిబరల్ డెమోక్రాట్ల పాలయ్యాయి. ఆ పార్టీ మొత్తం 72 స్థానాలు గెలిస్తే, వాటిలో అత్యధికం టోరీల చేతిలోంచి లాక్కున్నవే. చదువుకున్న, స్థితిమంతులైన దక్షిణ ఇంగ్లండ్ కుటుంబాలు ఫరాజ్‌ను చూసి పార్టీ మారలేదు. ఫరాజ్‌లా మాట్లాడుతున్న సొంత పార్టీని చూసి మారాయి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా ప్రశ్నలు సులువవుతాయి.

దీన్ని దగ్గరగా చూడాలంటే సౌత్ వెస్ట్ నార్‌ఫోక్ నియోజకవర్గాన్ని చూడాలి. 2022లో 49 రోజులపాటు ప్రధానిగా ఉన్న లిజ్ ట్రస్ స్థానం అది. 2019లో ఆమెకు అక్కడ వచ్చిన మెజారిటీ 26,195. అయిదేళ్లు తిరక్కుండానే లేబర్ అభ్యర్థి చేతిలో 630 ఓట్ల తేడాతో ఆమె ఓడిపోయారు. రిఫార్మ్ అభ్యర్థి దాదాపు పదివేల ఓట్లు పట్టుకుపోగా, ఆమె పోకడలతో విసిగిన పాతకాలపు కన్జర్వేటివ్ ఒకరు స్వతంత్రుడిగా నిలబడి ఆరువేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. అంటే ఆవేశపరులు ఒక పక్క, నిదానస్థులు మరో పక్క జారిపోగా నడుమ మిగిలిన ఓటుతో గెలవడం సాధ్యం కాలేదు. దేశమంతటా జరిగింది కూడా, కొంచెం అటూ ఇటూగా, ఇదే.

ట్రస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. 2022 సెప్టెంబరు 23న ఆమె ప్రభుత్వం నిధులెక్కడి నుంచి వస్తాయో చెప్పకుండా దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్నుల కోతలు ప్రకటించింది. ప్రభుత్వ బాండ్ల ధరలు పడిపోయి పింఛను నిధులు ఇరుకున పడగా, అయిదు రోజుల్లోనే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగవలసి వచ్చింది. ఇంటి రుణాల వడ్డీలు ఎగబాకాయి. టోరీలు మనసు లేనివాళ్లు కావచ్చుగానీ లెక్కలు తెలిసినవాళ్లు అన్నది బ్రిటన్‌లో తరతరాలుగా ఉన్న నమ్మకం. ఫరాజ్ ఓట్లను తీసుకుపోయారు. ఆ పేరును పోగొట్టుకున్నది మాత్రం పార్టీయే.

ప్రశ్న: టోరీలు, కన్జర్వేటివ్‌లు ఒకరేనా? ఆ పార్టీ సిద్ధాంతాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? — పోటీ పరీక్షల అభ్యర్థిని, వరంగల్

జవాబు: వాడుకలో ఒకరే. 'టోరీ' అన్నది ఐరిష్ భాషలో దారిదోపిడీగాడు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో ప్రత్యర్థులు తిట్టుగా అంటగట్టిన పేరును ఆ వర్గం కాలక్రమంలో తనదిగా చేసుకుంది. 'కన్జర్వేటివ్' అనే పేరు 1830లలో స్థిరపడింది. 1834లో అప్పటి ప్రధాని రాబర్ట్ పీల్ తన టామ్‌వర్త్ నియోజకవర్గ ఓటర్లకు రాసిన బహిరంగ ప్రకటనను ఆధునిక కన్జర్వేటివ్ పార్టీకి పునాదిగా చెబుతారు. జరిగిపోయిన సంస్కరణలను తిరగదోడబోమనీ, నిజమైన లోపాలను సరిదిద్దుతామనీ, మార్పు కోసం మార్పును మాత్రం ఒప్పుకోమనీ అందులోని సారాంశం.

ఇది సిద్ధాంతం కంటే స్వభావం అనడం సబబు. అందుకే 1867లో డిస్రేలీ పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు హక్కు ఇవ్వగలిగారు, 1951లో తిరిగి అధికారంలోకి వచ్చిన చర్చిల్ లేబర్ నెలకొల్పిన ఉచిత వైద్య సేవను రద్దు చేయలేదు, 1979 తర్వాత మార్గరెట్ థాచర్ అదే పార్టీ పేరుతో ప్రభుత్వ సంస్థలను ప్రైవేటుకు అమ్మగలిగారు. పరీక్షలో రాయడానికి మాత్రం మూడు మాటలు పెట్టుకోండి: సొంత ఆస్తి, స్థిరపడిన వ్యవస్థలు, తొందరపడని మార్పు.

ప్రశ్న: టోరీ నాయకులు వరుసగా రిఫార్మ్ పార్టీలోకి వెళ్తున్నారు. రెండు పార్టీలూ విలీనమైతే మితవాద ఓటు ఒక్కచోటికి చేరుతుంది కదా? అది ఎందుకు జరగడం లేదు? — బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్; ఇదే అర్థంతో అనంతపురం, ఖమ్మం నుంచి మరో ఇద్దరు

జవాబు: వెళ్తున్న మాట నిజం. 2025 సెప్టెంబరులో ఎంపీ డానీ క్రూగర్ వెళ్లారు. పార్టీలో ఆలోచనాపరుడని పేరున్న ఆయన నిష్క్రమణ సంఖ్యకు మించిన దెబ్బ. 2026 జనవరిలో, మంత్రులకు దీటుగా ప్రతిపక్షం పెట్టుకునే ఛాయా మంత్రివర్గంలో ఉన్న రాబర్ట్ జెన్‌రిక్ ఫిరాయింపునకు సిద్ధమవుతున్నారని తెలిసి పార్టీ నాయకురాలు కెమీ బేడెనాక్ ఆయనను తొలగిస్తే, ఆయన ఆ రోజే ఫరాజ్ పక్కన ప్రత్యక్షమయ్యారు. అదే నెలలో మాజీ హోంమంత్రి సుయెల్లా బ్రేవర్‌మన్ కూడా అదే దారి పట్టారు. 2024 నవంబరు 2న వెలువడిన నాయకత్వ ఎన్నిక ఫలితంలో బేడెనాక్‌కు 53,806 ఓట్లు వస్తే ఆమె మీద పోటీ చేసిన జెన్‌రిక్‌కు 41,388 వచ్చాయి. పార్టీ సభ్యుల్లో అంతమంది కోరుకున్న మనిషి పదిహేను నెలలు తిరక్కుండా ఎదుటి పార్టీలో తేలడం మామూలు విషయం కాదు.

విలీనవాదుల వాదనకు బలం ఇచ్చేది ఎన్నికల పద్ధతి. అది మన పద్ధతే. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వారిదే స్థానం. 2024లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో 39 శాతానికి పైగా ఓట్లు వచ్చిన వైఎస్ఆర్ కాంగ్రెస్ 175 స్థానాల్లో 11తో మిగిలిపోవడం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లో రిఫార్మ్‌కు 41 లక్షల ఓట్లతో 5 స్థానాలే దక్కితే, 35 లక్షల ఓట్లు వచ్చిన లిబరల్ డెమోక్రాట్లు బలమున్నచోటే గురిపెట్టి 72 గెలిచారు. ఈ పద్ధతిలో ఒకే వైపున రెండు పార్టీలు సమానబలంతో ఎక్కువ కాలం ఉండలేవు. 1906లో ఘనవిజయం సాధించిన లిబరల్ పార్టీ, లేబర్ ఎదిగిన కొద్దీ కుంగిపోయి 1924 నాటికి 40 స్థానాలకు చేరిన చరిత్ర అక్కడి నాయకులందరికీ కంఠతా వచ్చు.

విలీనం కోరేవారు చూపించే రెండో ఉదాహరణ కెనడా. 1988లో 169 స్థానాలతో గెలిచిన అక్కడి ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ 1993లో రెండంటే రెండు స్థానాలకు పడిపోయింది. ఆ ఎన్నికలో రిఫార్మ్ అనే పేరుతోనే ఉన్న కొత్త పార్టీ 52 గెలిచింది. చీలిన ఓటుతో వరుసగా మూడు ఎన్నికలు పోగొట్టుకున్నాక 2003లో రెండు వర్గాలూ కలిశాయి, 2006లో స్టీఫెన్ హార్పర్ నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పరిచాయి. ఈ కథను ఫరాజ్ ఇష్టంగా చెబుతారు. అందులో గమనించవలసింది ఏమిటంటే, పతనానికీ పునరాగమనానికీ నడుమ గడిచినవి పదమూడేళ్లు. పైగా కెనడా రిఫార్మ్‌కు పడమటి రాష్ట్రాలు కోటలా ఉండేవి కాబట్టి ఎవరి బలం ఎక్కడో స్పష్టంగా తెలిసేది. ఇంగ్లండ్‌లో అలా కాదు. 2025 మే స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 677 కౌన్సిలర్ పదవులు గెలిచి పది కౌన్సిళ్లను చేజిక్కించుకుంది. వాటిలో కెంట్, లింకన్‌షైర్ వంటివి టోరీల పెరటి తోటలు. ఒకే చేను కోసం కొట్లాడుకునేవారు పొత్తు కుదుర్చుకోవడం కష్టం.

విధానాల్లో ఉన్న దూరం కూడా బయటికి కనిపించేదానికంటే ఎక్కువ. వలసల నియంత్రణలో రెండు పార్టీలూ దాదాపు ఒకే మాట మాట్లాడుతున్నాయి. కానీ ప్రభుత్వ ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పిల్లలకు మించి సాయం ఇవ్వని నిబంధనను ఎత్తేయాలని 2025 మేలో ఫరాజ్ అన్నారు. ఆ నిబంధనను తెచ్చిందే టోరీలు, ఉండాలని పట్టుబట్టిందీ వారే. ఉక్కు పరిశ్రమను జాతీయం చేయాలన్న ఫరాజ్ మాట థాచర్ వారసులకు మింగుడుపడేది కాదు. పాత పారిశ్రామిక పట్టణాల్లో లేబర్ ఓటు కావాలంటే ఫరాజ్ అలా మాట్లాడక తప్పదు. దక్షిణాది ఓటు తిరిగి రావాలంటే బేడెనాక్ అలా మాట్లాడకూడదు. కలిస్తే ఎవరో ఒకరి ఓటు ఖాళీ అవుతుంది.

మరి బేడెనాక్ ఏ దారి పట్టారు? 2025 అక్టోబరులో మాంచెస్టర్‌లో జరిగిన పార్టీ మహాసభల్లో, గెలిస్తే యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక నుంచి బయటికి వస్తామనీ, 2008 నాటి వాతావరణ మార్పుల చట్టాన్ని రద్దు చేస్తామనీ ప్రకటించారు. ఆ ఒడంబడిక ముసాయిదాలో పెద్ద చేయి డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ అనే కన్జర్వేటివ్ న్యాయవాదిది. దాన్ని 1951లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం బ్రిటన్. ఆ చట్టంలోని ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని 2019లో ఇంకా కఠినం చేసింది థెరెసా మే. తాత కట్టిన గోడను మనవరాలు కూల్చడం కొత్త కాదు గానీ, కూల్చేచోట ఫరాజ్ అప్పటికే గునపంతో నిలబడి ఉన్నారు. అసలు సరుకు ఎదుటి దుకాణంలో దొరుకుతుంటే నకలును కొనేవారెవరన్నది నా సందేహం. ఆర్థిక క్రమశిక్షణ విషయంలో ఆమె మాట నిలకడగా ఉంది. అక్కడ పోటీకి ఇంకెవరూ లేరు కూడా.

విలీనం గురించి నా అంచనా అడిగితే, 2029 ఆగస్టులోపు జరగవలసిన సార్వత్రిక ఎన్నికలకు ముందు అధికారికంగా అది జరగదు. జాతీయ స్థాయి పొత్తు లేదని బేడెనాక్ ఇప్పటికే చెప్పారు. కలవడం అనేది ఒకరు చిత్తుగా ఓడి రెండోవారి షరతులకు తలవంచినప్పుడే జరుగుతుంది. చీలిక ఖరీదు ఎంతో తెలియాలంటే 1846ను చూడండి. ధాన్యం దిగుమతుల మీద సుంకాలను పీల్ రద్దు చేసినప్పుడు సొంత పార్టీ సభ్యుల్లో సుమారు మూడింట రెండు వంతులమంది ఎదురు తిరిగారు. పార్టీ రెండుగా చీలింది. మళ్లీ స్పష్టమైన మెజారిటీతో అధికారం దక్కడానికి 1874 దాకా, అంటే 28 ఏళ్లు పట్టింది. ఆనాడు పీల్ వెంట వెళ్లిపోయిన గ్లాడ్‌స్టన్, తర్వాత లిబరల్ నాయకుడై నాలుగుసార్లు ప్రధాని అయ్యాడు.

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. కన్జర్వేటివ్‌లు గానీ, ఫరాజ్ గానీ అధికారంలోకి వస్తే పంపించేస్తారని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా? — గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ప్రతిపక్షంలో ఉన్నవారు చెప్పేది విధానమే గాని చట్టం కాదు, 2029 దాకా గడువు ఉన్న ఎన్నికల గురించి ఈ రోజు నిద్ర పాడుచేసుకోకండి. మీ అబ్బాయికి ఇప్పుడు వర్తించేవి లేబర్ ప్రభుత్వ నిబంధనలు, అవీ తక్కువేమీ కఠినంగా లేవు.

చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇంతవరకూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి, పీహెచ్‌డీ చేసినవారిని మినహాయిస్తే, పద్దెనిమిది నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే ఉండవలసిన సాధారణ జీతం పరిమితిని టోరీలు దిగిపోయే ముందు, 2024 ఏప్రిల్‌లో, ఏడాదికి 38,700 పౌండ్లకు పెంచితే లేబర్ 2025 జులైలో దాన్ని 41,700 చేసింది. కొత్తగా చదువు ముగించినవారికి కొంత సడలింపు ఉంటుంది కాబట్టి మీ అబ్బాయి తన కోర్సుకూ రంగానికీ వర్తించే అంకె ఏమిటో ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి, ఏజెంటు మాట మీద వెళ్లకూడదు.

శాశ్వత నివాసం విషయంలో మాత్రం పార్టీల మధ్య వేలంపాట నడుస్తోంది. అయిదేళ్లకు బదులు పదేళ్లు ఉండాలని 2025 ఫిబ్రవరిలో బేడెనాక్ అన్నారు. మే నెలలో లేబర్ ప్రభుత్వమే సూత్రప్రాయంగా పదేళ్ల ప్రతిపాదన తెచ్చింది. సెప్టెంబరులో ఫరాజ్ ఇంకొక అడుగు వేసి శాశ్వత నివాస హోదానే రద్దు చేసి, అయిదేళ్లకోసారి వీసా కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు తెస్తామన్నారు. వింత ఏమిటంటే, 2019లో వలసలు తగ్గిస్తామని మాటిచ్చి గెలిచిన టోరీల హయాంలోనే, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో వచ్చినవారికీ వెళ్లినవారికీ తేడా 9 లక్షలు దాటింది. మన పిల్లలు వేల సంఖ్యలో వెళ్లింది ఆ తెరిచిన తలుపులోంచే. ఆ అంకె నుంచి పారిపోవడానికి ఇప్పుడు ఆ పార్టీ ఎంత గట్టిగా మాట్లాడినా ఓటరు నమ్మడం లేదు. నమ్మడం లేదు కాబట్టి ఇంకా గట్టిగా మాట్లాడుతోంది. మీ అబ్బాయి తల రాతను లండన్ రాజకీయం కంటే అతని జీతమూ, స్పాన్సర్ చేసే యజమానీ ఎక్కువగా నిర్ణయిస్తారని ధైర్యం చెప్పండి.

ప్రశ్న: మితవాద పార్టీలు చాలా దేశాల్లో యువతను ఆకట్టుకుంటున్నాయి. బ్రిటన్ కన్జర్వేటివ్‌లకు ఎందుకు చేతకావడం లేదు? — జర్నలిజం విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: నా దృష్టిలో ఆ పార్టీ భవిష్యత్తుకు సంబంధించిన అసలు ప్రశ్న ఇదే, ఫరాజ్ గొడవ దీని ముందు చిన్నది. ఏ వయసు దాటితే బ్రిటిష్ ఓటరు లేబర్ కంటే టోరీలవైపు మొగ్గుతాడో యూగవ్ అనే సర్వే సంస్థ లెక్కగడుతుంది. 2019లో ఆ వయసు 39. 2024లో 63. వయసుతోపాటు మనిషి సంప్రదాయవాది అవుతాడన్న పాత నమ్మకం మీద ఆ పార్టీ నిశ్చింతగా ఉండేది. కానీ మనిషిని సంప్రదాయవాదిని చేసేది నెరిసిన జుట్టు కాదు; సొంత ఇల్లు, బ్యాంకులో కొంత పొదుపు, ఊళ్లో పాతుకున్న బతుకు. కాపాడుకోవడానికి ఏదీ లేనివాడికి కాపాడుకోవడం గొప్పదని ఎవరు చెప్పగలరు?

ఇది థాచర్‌కు బాగా తెలుసు. 1980 గృహనిర్మాణ చట్టంతో, స్థానిక ప్రభుత్వాల ఇళ్లలో అద్దెకు ఉన్నవారు ఆ ఇళ్లను 33 నుంచి 50 శాతం రాయితీతో కొనుక్కునే హక్కు ఇచ్చారు. తలుపుకు కొత్త రంగు వేసుకున్న ప్రతి కార్మికుడూ టోరీ ఓటరు కాకపోయినా, కావడానికి ఒక కారణం దొరికింది. అయితే అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టడానికి ఆ డబ్బును పూర్తిగా వాడుకోనివ్వలేదు. 1997లో ఇంగ్లండ్‌లో మధ్యస్థ ధర ఇల్లు మధ్యస్థ వార్షిక జీతానికి మూడున్నర రెట్లు ఉండేది. ఇప్పుడు సుమారు ఎనిమిది రెట్లకు చేరింది. తండ్రి తరానికి పార్టీ ఇచ్చిన మెట్టు కొడుకు తరానికి అందనంత ఎత్తుకు వెళ్లిపోయింది.

దిద్దుకునే అవకాశం రాకపోలేదు. ఇళ్ల అనుమతుల చట్టాన్ని సడలించాలని బోరిస్ జాన్సన్ ప్రభుత్వం బయలుదేరింది. 2021 జూన్‌లో లండన్ శివార్లలోని చెషమ్ అండ్ అమర్షమ్ అనే సంపన్న నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. పచ్చిక బయళ్లలో ఇళ్లు లేస్తాయన్న భయమూ, ఆ ప్రాంతం మీదుగా వేస్తున్న హైస్పీడ్ రైలుమార్గం మీద కోపమూ కలిసి, ఎన్నడూ ఓడని స్థానాన్ని టోరీలు లిబరల్ డెమోక్రాట్లకు అప్పగించారు. అంతే, సంస్కరణ అటకెక్కింది. 2022 డిసెంబరులో రిషి సునాక్ హయాంలో, ఏటా ఫలానా సంఖ్యలో ఇళ్లు కట్టి తీరాలన్న నిర్బంధాన్ని కూడా సొంత ఎంపీల తిరుగుబాటుకు భయపడి సడలించారు. ఉన్న ఓటరు ఇంటి ముందు దృశ్యం చెడకూడదని, రాబోయే ఓటరుకు ఇల్లే లేకుండా చేసుకున్నారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే.

2024 ప్రచారంలో ఈ వంకర మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. వృద్ధాప్య పింఛను ఏటా ధరలు, జీతాలు, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెరగాలన్న హామీ 2010 నుంచీ ఉంది. సునాక్ దానికి పన్ను మినహాయింపును జోడిస్తానన్నారు. అదే వారంలో పద్దెనిమిదేళ్ల పిల్లలకు మాత్రం నిర్బంధ జాతీయ సేవ ప్రకటించారు. తాతకు పింఛను, మనవడికి కవాతు!

బేడెనాక్ ఈ సమస్యను గుర్తించలేదని అనను. ఉంటున్న ఇంటి కొనుగోలు మీద స్టాంప్ డ్యూటీని పూర్తిగా ఎత్తేస్తామని మాంచెస్టర్‌లో ఆమె చేసిన వాగ్దానం ఆ దిశలోదే. కానీ మొదటిసారి ఇల్లు కొనేవారికి 3 లక్షల పౌండ్ల వరకూ ఆ పన్ను ఇప్పటికే లేదు కాబట్టి, లండన్ దాటితే ఎక్కువ లాభపడేది ఉన్న ఇల్లు అమ్మి ఇంకో ఇంటికి మారేవారే. ధర తగ్గాలంటే ఇళ్లు పెరగాలి. ఇళ్లు పెరగాలంటే దక్షిణ ఇంగ్లండ్‌లోని సంపన్న ప్రాంతాలైన సర్రేలోనూ, బకింగ్‌హామ్‌షైర్‌లోనూ తమకు మిగిలిన ఓటర్లకే కోపం తెప్పించాలి. అంత సాహసం చేయగల నాయకుడు ఆ పార్టీలో వచ్చిన రోజున నేను నా అంచనాలను తిరగరాస్తాను.

ప్రశ్న: ఇక్కడ హారోలో మా భారతీయ కుటుంబాలు చాలావరకు టోరీలకే వేశాయి. మనవాళ్లు ఆ పార్టీకి కొత్త ఆధారం అవుతారా? — ఐటీ ఉద్యోగి, లండన్

జవాబు: మీ హారో ఈస్ట్ నిజంగానే విశేషం. 2024లో దేశం మొత్తం మీద సగానికి మించి ఓట్లు తెచ్చుకున్న ఏకైక కన్జర్వేటివ్ అభ్యర్థి అక్కడి బాబ్ బ్లాక్‌మన్. ఆ ఎన్నికలో టోరీలు ఎదుటివారి నుంచి గెలుచుకున్న ఒకే ఒక్క స్థానం లెస్టర్ ఈస్ట్, అక్కడ గెలిచిన శివానీ రాజా గుజరాతీ మూలాలున్న యువతి. చిన్న వ్యాపారం, సొంత ఇల్లు, పిల్లల చదువు, కుటుంబం: టోరీలు ఎవరి కోసమని చెప్పుకుంటారో అలాంటి ఓటరు ఇప్పుడు హారోలో, లెస్టర్‌లో ఎక్కువగా ఉన్నాడు.

అయినా తొందరపడకూడదు. లెస్టర్ ఈస్ట్‌లో ఇద్దరు మాజీ లేబర్ ఎంపీలు విడివిడిగా బరిలో దిగి ఓట్లు చీల్చారన్నది మరచిపోలేం. తెలుగువారిలోనూ మొగ్గు ఒకవైపే లేదు: నిజామాబాద్ ప్రాంతం నుంచి వెళ్లిన డాక్టర్ చంద్ర కన్నెగంటి స్టోక్-ఆన్-ట్రెంట్ సెంట్రల్‌లో టోరీ అభ్యర్థి అయితే, తెలంగాణకే చెందిన ఉదయ్ నాగరాజు నార్త్ బెడ్‌ఫోర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున నిలబడ్డారు, ఇద్దరూ గెలవలేదు. వలస నేపథ్యమున్న సునాక్‌నూ, బేడెనాక్‌నూ నాయకులుగా ఎన్నుకోగల పార్టీ అదే, శాశ్వత నివాసానికి పదేళ్లు ఆగమనే పార్టీ అదే. ముప్పై ఏళ్ల కిందట స్థిరపడినవారికి ఇందులో వైరుధ్యం కనిపించకపోవచ్చు, నిన్న వీసా మీద వచ్చినవారికి కనిపిస్తుంది. మీ వీధిలోనే ఈ రెండు తరాలవారినీ విడివిడిగా అడిగి చూడండి.

ప్రశ్న: టోరీ నాయకులను దించేస్తుందనే '1922 కమిటీ' ఏమిటి? బేడెనాక్‌నూ దించుతుందా? — న్యాయవాది, కర్నూలు

జవాబు: అది పదవులు లేని టోరీ ఎంపీల సంఘం. 1922 అక్టోబరులో లండన్‌లోని కార్ల్‌టన్ క్లబ్ సమావేశంలో టోరీ ఎంపీలు తిరగబడి అప్పటి లిబరల్ ప్రధాని లాయిడ్ జార్జ్ సంకీర్ణాన్ని కూల్చారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది రాస్తుంటారు, అది పొరపాటు. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో కొత్తగా గెలిచినవారు 1923లో ఏర్పాటు చేసుకున్నది కాబట్టి ఆ పేరు.

అవిశ్వాసం పెట్టాలంటే ఎంపీలు ఆ కమిటీ అధ్యక్షుడికి లేఖలు ఇవ్వాలి. గతంలో 15 శాతం మంది రాస్తే చాలు. ఇప్పుడు మూడో వంతు మంది రాయాలి. నాయకుడికి మొదటి ఏడాది ఉండే రక్షణ బేడెనాక్ విషయంలో 2025 నవంబరుతో ముగిసింది. 2016 నుంచి 2024 లోపు సొంత ప్రధానులను అయిదుగురిని చూసిన పార్టీకి ఇంకొకరిని మార్చడం కష్టం కాదు గానీ, ప్రధాన పోటీదారు జెన్‌రిక్ గడప దాటి వెళ్లిపోవడం ఆమెకు ప్రస్తుతానికి మేలే చేసింది. ఆ లేఖలు అందుకునే అధ్యక్షుడు ఎవరో హారో పాఠకుడికి తెలిసే ఉంటుంది: ఆయన ఎంపీ బాబ్ బ్లాక్‌మన్.